చొక్కాలు లేని పెట్టె

ఇదొక మహాకావ్యం. ఇందులో ఎడారి ఉంది, సముద్రం ఉంది, యమధర్మరాజుతో పోరాడి ఒక మనిషిని వెనక్కి తెచ్చిన వీరవనిత ఉంది అని మొదలుపెట్టమని సన్మాన సంఘం వారు పోయిన వారం హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మరీ చెప్పారు. మా పిన్నికి సన్మానం చేస్తున్నారట, సంచికలో కుటుంబం తరఫున ఒక వ్యాసం ఉండాలట, అందులో ‘మార్గదర్శకురాలైన మహిళా పాత్రికేయురాలు’ అన్న మాట తప్పకుండా రావాలట. వచ్చేసింది, ఇక నిశ్చింతగా నిజం చెప్పుకోవచ్చు. ఇది మహాకావ్యం కాదు. ఎడారిని మేము కారు అద్దంలోంచి చూశాం, సముద్రం ఏవో ఫ్యాక్టరీ పైపుల వెనక ఎక్కడో ఉందని బోర్డు చెబితే నమ్మాం, యమధర్మరాజు పాత్రలో జగిత్యాల దగ్గరి ఒక పల్లెటూరి మేనమామ ఫోన్‌లో మాట్లాడాడు.

ముప్పై నాలుగేళ్ళకే జ్ఞాపకాలు రాస్తున్నానని నవ్వకండి. ప్రపంచకప్ వస్తోందని దోహా అంతా తవ్వి పెట్టిన ఆ రోజుల్లో అక్కడ ఉన్నవాళ్ళకు ఒక్కో ఏడాదికి మూడేళ్ళ వయసు పెరిగింది, ఆ లెక్కన నేను షష్టిపూర్తికి దగ్గర పడ్డాను. మీలో అప్పుడు అక్కడ ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆదివారం వెళ్ళిన దారి మంగళవారానికి ఉండేది కాదు. ఉమ్ ఘువైలినాలో నలుగురు బ్రహ్మచారులం కలిసి ఉండే మా గది నుంచి అల్ సద్‌లో పిన్నీ బాబాయిల ఇంటికి వెళ్ళాలంటే నేను ఎన్నడూ ఒకే వైపు నుంచి చేరుకోలేదు. స్టేడియం కట్టడంలో నా పాత్ర ఏమిటని మా ఊళ్ళో గొప్పగా అడిగేవారు. ఇంజనీర్లు గీసిన బొమ్మల మీద నంబరు వేసి, ముద్ర గుద్ది, బీరువాలో పెట్టేవాణ్ణి. ఆ ముద్ర లేకపోతే స్టేడియం నిలబడేది కాదని నేనూ చెప్పుకున్నాను, ఎవరూ కాదనలేదు.

పిన్ని సంగతి వేరు. తెనాలి పిల్ల, పెళ్ళికి ముందే కరీంనగర్ వెళ్ళి ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చేరింది. ఆ డెస్కులో ఆమే మొదటి ఆడమనిషి కావడంతో ఆమెను ఏం చేసుకోవాలో వాళ్ళకు తోచలేదు. కొన్నాళ్ళు వంటలూ ముగ్గులూ ఇచ్చారు, పిన్నికి రెండూ రావు. ఆమె రాసిన గుత్తివంకాయ కూర చేసిన ఒక పాఠకురాలు భర్తను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చిందట, ఆ రోజు నుంచి మార్కెట్ యార్డు వార్తలకు పంపేశారు. ఆఫీసులో ఆడవాళ్ళకు బాత్రూము లేకపోతే రోడ్డు దాటి బ్యాంకులోకి వెళ్ళేది. ఆ వంకతో బ్యాంకులో కూర్చునే రైతులతో పరిచయాలై, ఎవరికీ దొరకని వార్తలు ఆమెకు దొరికేవి. దీన్ని ఆమె జీవిత పోరాటంగా సన్మాన సంఘం రాసుకోవచ్చు, ఆమె మాత్రం బ్యాంకులో ఫ్యాను బాగుండేదని చెబుతుంది.

ఆమె చేరిన మొదటి ఏడాదే ఒక తప్పు చేసింది. ఎవరో ఫోన్‌లో చెప్పారని ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు చనిపోయినట్టు వేసేసింది. మర్నాడు పొద్దున్నే ఆయన సైకిలు మీద ఆఫీసుకు వచ్చి, చావు సంగతి తరవాత చూద్దాం గాని, నాకు అరవై రెండైతే అరవై ఎనిమిదని వేశారేమిటని అడిగారట. ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగి వెళ్ళేదాకా పిన్ని తల ఎత్తలేదట. ఆ తరవాత ఎవరి చావు వార్త వచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే, ఎవరు చూశారు? చూసినవాడు చెబితే రాసేది, విన్నవాడు చెబితే రాసేది కాదు.

బాబాయికి దోహాలో ఉద్యోగం రావడంతో పిన్ని డెస్కు వదిలి, వీసా మీద ‘గృహిణి’ అన్న మాటతో అక్కడికి వచ్చింది. రెండు కథల పుస్తకాలు అచ్చువేసిన మనిషికి ఆ మాట కొత్త చెప్పులా కరిచింది. ఆరు నెలలు ఊరుకుని, ఆ తరవాత వారానికి ఒక పుట చేత్తో రాసి, ఫోటో తీసి, క్యాంపుల్లో ఉండే మన తెలంగాణ కుర్రాళ్ళ ఫోన్లకు పంపడం మొదలుపెట్టింది. మనిషి నుంచి మనిషికి అది పాకింది. చదవలేని వాళ్ళ కోసం దాన్నే గొంతుతో చదివి పంపేది. అందులో ఎండాకాలం మధ్యాహ్నపు సెలవు ఏ తారీకు నుంచి మొదలవుతుంది, పాస్‌పోర్టు గడువు ఎన్నాళ్ళ ముందు చూసుకోవాలి లాంటివి ఉండేవి. ఒక మూల నాలుగు వాక్యాల కథ కూడా ఉండేది. ఆ పుటకు పేరు లేదు, ఆమెకు మాత్రం పేపరక్క అని పేరు పడింది. పెద్ద భవనం కట్టిన కంపెనీ బోర్డు కన్నా ఆ పుటకే ఎక్కువమంది పాఠకులని నేనంటే, భవనం బోర్డు ఎవడు చదువుతాడురా అని నా పొగడ్తను ఆమే తుడిచేసేది.

ఒక జులై గురువారం సాయంత్రం, నేను బాబాయి వండే కూరల కోసం వెళ్ళానని ఒప్పుకోవడానికి ఇష్టంలేక పలకరించడానికి వెళ్ళానని చెప్పే అలవాటు ప్రకారం వాళ్ళింటికి వెళ్ళేసరికి, పిన్ని ఫోన్ ముందు పెట్టుకుని కళ్ళజోడు తుడుస్తోంది. ఫోన్‌లో ఒక కుర్రవాడి ఫోటో, మెడలో కంప్యూటర్‌లో అతికించిన దండ, కింద శ్రద్ధాంజలి. ఊరి యువకులు చేసి పంపారు. గ్రూపులన్నీ చేతులు జోడించేశాయి, పేపరక్క ఇంకా ఎందుకు వెయ్యలేదని నిలదీస్తూ ఇరవై సందేశాలు వచ్చి ఉన్నాయి. ఒకడైతే, కంపెనీకి భయపడి అక్క వార్త దాస్తున్నదని కూడా రాశాడు.

“ఎవరు చూశారట?” అన్నాను నేను, ఆమె ప్రశ్న ఆమెకే వేసి తెలివి చూపించుకుందామని.

“ఎవరూ చూడలేదురా. పెట్టె వచ్చిందట.”

ఈ పెట్టె సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఇక్కడి నుంచి ఊరికి వెళ్ళే ప్రతి మనిషితోనూ తాడు కట్టిన ఒక అట్టపెట్టె వెళ్తుంది, దాని మీద పేరూ ఊరూ మండలం జిల్లా అరచేయంత అక్షరాలతో ఉంటాయి. మనిషీ పెట్టే కలిసి దిగితే పండగ. మనిషి లేకుండా పెట్టె ఒక్కటే, అదీ ఎవరో ముక్కూమొహం తెలియనివాడు గుమ్మంలో దించి వెళ్ళిపోతే, ఆ ఊళ్ళలో దానికి ఒకటే అర్థం. చనిపోయినవాడి సామాను గదివాళ్ళు కట్టి పంపుతారు, అది శవం కన్నా ముందే చేరుతుంది. ఆ చుట్టుపక్కల రెండు మూడు ఇళ్ళలో అలా జరిగింది కూడా, అందుకని వాళ్ళది ఉత్త భయమని అనలేం. ఇతని పెట్టెను ఒక జీపు డ్రైవరు దించి వెళ్ళిపోయాడు. ఇతని ఫోన్ పది రోజులుగా మోగడం లేదు. ఊళ్ళో వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి దుబాయ్‌లో ఉన్న ఒక బంధువును వాకబు చెయ్యమన్నారు, ఆ అమాయకుడు అక్కడి క్యాంపులన్నీ తిరిగి ఆ పేరుగలవాడు ఏ కంపెనీలోనూ దొరకలేదని చెప్పాడు. ఖతర్‌లో ఉన్న మనిషి దుబాయ్‌లో ఎలా దొరుకుతాడని ఎవరూ ఆలోచించలేదు, ఏడుస్తున్న ఇంట్లో భూగోళం ఎవరికి గుర్తుంటుంది.

పిన్ని అప్పటికే అతని భార్య నంబరు సంపాదించింది. ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల గొంతు.

“పెట్టొచ్చిందక్కా. మనిషి రాలే” అంది.

శవం ఎప్పుడు వస్తుందో తెలియదు కనక పెట్టె వచ్చిన రోజునే చావురోజుగా లెక్కపెట్టి, ఐదో రోజున, అంటే మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల గాజులూ మెట్టెలూ తీయించాలని పెద్దలు నిర్ణయించారట. చుట్టాలు కూడా వచ్చేశారట. పిన్ని ఏదో ఓదార్పు చెబుతుందని నేను ఎదురుచూస్తుంటే, ఆమె మార్కెట్ యార్డులో మిర్చి ధర అడిగినట్టు అడిగింది.

“పెట్టె తెరిచినవా అమ్మా?”

“లేదక్కా. దినం దాటే దాంక ముట్టొద్దన్నరు.”

“ఇప్పుడు తెరువు. నేను లైన్ల ఉంట. ఏమేమున్నయో ఒక్కొక్కటి చెప్పు.”

వెనక ఎవరో వద్దని అరవడం, ఎవరో ముసలమ్మ తియ్యనియ్యుండ్రి అనడం, తాడు కోస్తున్న చప్పుడు వినిపించాయి. ఆ పిల్ల చెబుతుంటే పిన్ని ఒక కాగితం మీద రాసుకుంటోంది. కొత్త దుప్పటి, మడత విప్పలేదు. పాలపొడి డబ్బాలు రెండు. అత్తరు సీసా. పిల్లకు గౌను, పెద్దదే ఉంది, వచ్చే ఏడాదికి సరిపోతుంది. సబ్బులు డజను, కాగితం కూడా చించలేదు. ఒక టార్చిలైటు.

“ఆయన చొక్కాలు?”

“లెవ్వక్కా.”

“లుంగి? తువ్వాల? తిన్న పళ్ళెం? గడ్డం గీసుకునేది?”

“ఏం లెవ్వు. అన్ని కొత్తయే.”

పిన్ని కలం మూత పెట్టింది. నాకిప్పటికీ గుర్తు, ఆ మూత చప్పుడుకే నాకు సగం ఊపిరి వచ్చింది. “ఇగో విను. చచ్చినోళ్ళ పెట్టె నేను శానా చూసిన. గదివాళ్ళు అరిగిన సబ్బుముక్కతో సహా కట్టి పంపుతరు, ఒక్కటి మిగల్చరు. ఇందుల ఒక్క చొక్కా లేదంటే, ఆ చొక్కాలు తొడుక్కునేటోడు ఈడనే ఎక్కడనో తిరుగుతున్నడు.”

ఇక్కడ సంగీతం రావాలి. దానికి బదులు అతని మేనమామ ఫోన్ లాక్కున్నాడు. “మేడం, మీరు పేపరోళ్ళు ఏమన్న అంటరు. చొక్కాలు లెవ్వని సావు ఆగుతదా? సుట్టాలొచ్చిండ్రు. రేపు నాలుగింటి దాంక ఆని గొంతు ఇనవడితె సరే, లేకపోతె మా పని మేం జేస్కుంటం.” ఆయన్ని తిట్టుకోవడం తేలిక. కాని నలభై మంది చుట్టాలకు భోజనాలు పెడుతున్న ఇంటి పెద్ద అంతకన్నా ఏం అనగలడో నాకు ఇప్పటికీ తోచలేదు.

పిన్ని గొంతుతో ఒక సందేశం పంపింది. ఫలానా ఊరి తమ్ముణ్ణి ఈ పది రోజుల్లో కళ్ళారా చూసినవాళ్ళు చెప్పండి, విన్నవాళ్ళు చెప్పకండి అని. అరగంటలో అతని పాత క్యాంపు నుంచి జవాబు వచ్చింది. స్టేడియం పని నుంచి కొందరిని దోహాకు నలభై కిలోమీటర్ల దూరంలోని మెసయీద్‌కు తోలారని, అక్కడ ఒక ఫ్యాక్టరీ నెల రోజులు ఆపి మరమ్మతులు చేస్తున్నారని, అతను బస్సెక్కుతుంటే తను చూశానని ఒకతను చెప్పాడు. ఏ క్యాంపో తెలుసుగాని అక్కడి ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు.

శుక్రవారం బాబాయి నిద్ర ఆ ఇంట్లో పూజ లాంటిది, దాన్ని చెడగొట్టే ధైర్యం పిన్నికి కూడా లేదు. నాలుగోసారి పరీక్షలో లైసెన్సు సంపాదించిన ఘనుణ్ణి నేనే కనక బాబాయి కారు తాళాలు నా చేతికి వచ్చాయి. సాయంత్రం నాలుగింటి దాకా సమయం ఉంది కదా, పైగా రెండున్నర గంటల తేడా మనవైపే ఉందని నేను ధైర్యం చెప్పాను. తేడా ఏ వైపు ఉందో పిన్ని సరిచేసింది. అక్కడ నాలుగంటే మాకు ఒంటిగంటన్నర. మేము ఊరు విడిచేసరికి పది దాటింది, ఎందుకంటే కొత్తగా తవ్విన ఒక మలుపులో నేను మళ్ళీ అల్ సద్‌కే తీసుకొచ్చాను.

దారి పొడుగునా ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. వకారా దాటాక ఒక్కసారి మాత్రం, “నా లెక్క తప్పితే ఆ పిల్ల మొగుణ్ణి రెండోసారి చంపినట్టవుతుందిరా” అంది. అన్ని డ్రామాలకూ నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు వెతుక్కుంటే దొరకలేదు, ఏసీ పెంచాను.

క్యాంపు గేటు దగ్గరి కాపలాదారు నేపాలీ. లోపలికి పంపనన్నాడు గాని, ఎండాకాలం కనక పదకొండున్నరకల్లా ఎండలో పని ఆపేస్తారని, మనుషులంతా బస్సుల్లో ఇక్కడికే భోజనానికి వస్తారని చెప్పి, తన గదిలో కుర్చీ వేసి కూర్చోమన్నాడు. పిన్ని కూర్చోలేదు. గొడుగు వేసుకుని గేటు పక్కన నిలబడింది. వేడి గాలి నిలువునా కొడుతోంది. పన్నెండు కావస్తుండగా బస్సులు వచ్చాయి. దిగినవాళ్ళందరికీ ఒకే నీలిరంగు డాంగ్రీ, తల నుంచి మెడ దాకా గుడ్డ, కళ్ళు మాత్రమే బయట. ఫోటో పట్టుకుని వాళ్ళలో మొహం వెతకడమంటే కవర్లు చూసి ఉత్తరాలు చదవడమే. మొదటి బస్సు ఖాళీ అయింది, రెండోది ఖాళీ అయింది. పేరు పెట్టి పిలుద్దామని నేనన్నాను. ఆ పేరుగలవాళ్ళు ప్రతి బస్సులో ముగ్గురుంటారని, పలికిన ముగ్గురికీ సంగతి చెప్పేసరికి బస్సులన్నీ ఖాళీ అయిపోతాయని చెప్పి, మూడో బస్సు తలుపు దగ్గరికి వెళ్ళి ఆమె గట్టిగా అడిగింది.

“ఓ తమ్మీ! ఎవరి పెట్టె ఊరికి పోయింది? జగిత్యాల దిక్కు పోయిన పెట్టె ఎవరిది?”

క్యూలో నాలుగోవాడు గుడ్డ కిందికి లాగాడు. “నాదే మేడం. ఏమైంది? కస్టమ్స్‌ల వట్టిండ్రా?”

ఫోటోలోని దండ ఒక్కటే తక్కువ.

పిన్ని గొడుగు వదిలేసి అతని మోచెయ్యి పట్టుకుంది, మనిషా కాదా అని తేల్చుకోడానికన్నట్టు. నువ్వు చచ్చిపోయావని ఒక మనిషికి చెప్పే పద్ధతి ఏ డెస్కులోనూ నేర్పరు, అందుకని ఆమె ఉన్నదున్నట్టే చెప్పింది. అతను కాసేపు కళ్ళార్పి, “నేనా? ఎప్పుడు?” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు, అతను నవ్వలేదు.

అప్పుడు బయటపడిన సంగతి ఇది. మెసయీద్ వచ్చే ముందు ఫోన్ నీళ్ళ డ్రమ్ములో పడింది. భార్య నంబరు అందులోనే ఉంది, నోటికి రాదు, మనలో ఎవరికి వస్తుంది? కొత్త గదిలో చోటు లేదని, ఊరికి వెళ్తున్న పక్కూరి స్నేహితుడికి పెట్టె ఇచ్చి, కొత్తగా కొన్న ఫోన్ నంబరు ఇంట్లో చెప్పమన్నాడు. ఆ స్నేహితుడు విమానం దిగగానే భార్యకు నొప్పులని తెలిసి, పెట్టెను అటు వెళ్ళే జీపులో వేసి ఆసుపత్రికి పరుగెత్తాడు. కొడుకు పుట్టాడు, మిగతా లోకం మరిచిపోయాడు. ఇక్కడ మా వాడు ప్రతి పూటా ఫోన్ చూసుకుంటూ, “పెట్టె ముట్టినంక గూడ ఫోన్ చెయ్యలే మేడం, గంత పొగరా అని నేను గూడ అలిగి కూసున్న” అన్నాడు. భార్య గాజులు తీయించేందుకు చుట్టాలు కూర్చుని ఉంటే, భర్త అలకపాన్పు మీద ఉన్నాడన్నమాట.

పిన్ని ఫోన్‌లోనే వీడియో కలిపింది. మాకు పన్నెండుంపావు, అక్కడ మూడుకు పావు తక్కువ. తెర మీద ముందు పైకప్పు కనిపించింది, తరవాత చాలా చెవులు, ఆ తరవాత ఆ పిల్ల. అతన్ని చూసింది. రెండు చేతులూ ఎత్తి తెరకు అడ్డంగా పెట్టింది, ఎర్రగాజులు మోచేతుల దాకా ఉన్నాయి, అన్నీ ఉన్నాయని చూపించింది. అతను వేలితో తెర మీద ఆ గాజుల్ని తాకాడు, తాకగానే కాల్ కట్టయింది, ఎందుకంటే ఎర్ర బటన్ అక్కడే ఉంది. మళ్ళీ కలిపేసరికి ఆ పిల్లకు మాట వచ్చింది.

“పెట్టెల ఓ చిట్టి రాసి వెట్ట చాతగాదా నీకు? ఆఁ? అత్తరు సీసా వెట్ట యాదికొచ్చింది గని!”

అరవనీ, బాగా అరవనీ అని పిన్ని పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది. ఎండవల్ల అంది. మేనమామ గొంతు మధ్యలో వచ్చింది. నేను క్షమాపణ అనుకున్నాను. “ఒరేయ్ అల్లుడా, మంచిగున్నవా? ఆ టార్చిలైటు ఎవలకురా?”

“నీకే మామా.”

“గట్లనే అనుకున్న” అన్నాడాయన, అంతటితో ఆ ఇంట్లో మరణం రద్దయింది. వండిన వంట చుట్టాలు తినే వెళ్ళారని తరవాత తెలిసింది.

ఆ వారం పుటకు నేను ‘మృత్యుంజయుడు’ అని శీర్షిక రాసిచ్చాను. పిన్ని కొట్టేసి, ‘ఫలానా తమ్ముడు క్షేమం, కొత్త నంబరు రాసుకోండి’ అని పెట్టింది. కింద ఒక మాట చేర్చింది, పెట్టె పంపేవాళ్ళు పేరూ ఊరూతో పాటు ‘మనిషి బాగున్నడు’ అని కూడా రాయండి అని. కొన్నాళ్ళకు విమానాశ్రయంలో వరసలో నిలబడితే ముందున్న పెట్టెల మీద ఆ మాట కనిపించేది. పిన్ని రెండు పుస్తకాలకూ లేనంత మంది పాఠకులు దానికి ఉన్నారు, పైగా సామాను మోసేవాళ్ళు కూడా దాన్ని జాగ్రత్తగా దించేవారని నేను చెప్పుకుంటాను, చూడలేదు.

ఇప్పుడు దోహాలో దారులన్నీ తిన్నగా ఉన్నాయి, మెట్రో ఉంది, దారి తప్పడానికి నాకు సాకు లేదు. ఆటలు అయిపోయాయి, ఆ బస్సుల్లోంచి దిగిన వాళ్ళు తలో దిక్కూ వెళ్ళారు. పిన్నీ బాబాయీ హైదరాబాదు వెళ్ళిపోయారు, ఆ పుట ఆగిపోయింది, దాని స్థానంలో యాభై గ్రూపులు వచ్చాయి. వాటిలో దండ వేసిన ఫోటో వస్తే నేనూ చెయ్యి జోడించే బొమ్మ ఒకటి పెట్టి టీ తాగుతాను, ఎవరు చూశారని అడగను. అడగాలని తెలిసీ అడగనివాడికి, అడిగిన మనిషి గురించి రాసే అర్హత ఉందో లేదో సన్మాన సంఘమే తేల్చాలి. ఆ శుక్రవారం తిరుగు ప్రయాణంలో పిన్ని కారులో నోరు తెరుచుకుని నిద్రపోయింది, అంత నిశ్చింతగా నిద్రపోయిన మనిషిని ఆ తరవాత నేను చూడలేదు. అలాంటి శుక్రవారాలు ఇప్పుడెందుకు రావడం లేదో నాకు తెలుసు గాని, ఒప్పుకోవడం ఇష్టం లేదు.

పెట్టె పంపేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క సంగతి. అక్షరాలు ముందు అట్ట మీద రాసి, ఆ పైన పారదర్శకంగా ఉండే టేపు చుట్టాలి. టేపు మీద రాస్తే చెమట చెయ్యి తగలగానే చెరిగిపోతుంది.